లైట్ రోస్ట్ ప్రొఫైల్ తర్వాత చెబుతాను, ముందు మీ ఇంట్లో ఏ నీళ్ళో చెప్పండి

ప్రశ్న: "ఇథియోపియాలోని యిర్గచెఫె నుంచి పచ్చి కాఫీ గింజలు తెప్పించి ఇంట్లోనే వేయిస్తున్నాను. లైట్ రోస్టుకి ఎన్ని డిగ్రీల దగ్గర దించాలి? ఫస్ట్ క్రాక్ (గింజలు మొదటిసారి పేలే చప్పుడు) తర్వాత ఎంతసేపు ఉంచాలి? నిమ్మ పులుపు, పూల వాసన వస్తాయంటారు. నేనెంత తేలిగ్గా వేయించినా చప్పగానే ఉంటోంది."

డిగ్రీలూ సెకన్లూ చెబుతాను గానీ, నన్ను పట్టుకున్నది మీ ఆఖరి వాక్యం. ఎంత తేలిగ్గా వేయించినా చప్పగానే ఉందన్నారు చూశారూ, అదే మాట నేను ఐదు నెలలపాటు నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పుస్తకం తెరిస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎందుకంటే నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. దానికీ సిగ్గుకీ సంబంధమేంటో కాసేపట్లో తెలుస్తుంది.

మాది అమలాపురం పక్కన పల్లె. అక్కావాళ్ళ కాపురం రాజమండ్రిలో. బావగారు మాత్రం ఇథియోపియాలో, హవాసా అనే ఊళ్ళో యూనివర్సిటీ లెక్చరర్. ఆ దేశంలో పాఠాలు చెప్పే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. యిర్గచెఫె ఆ ఊరికి దక్షిణంగా, కొండల్లో ఉంటుంది. కిందటేడు సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయన రెండు కిలోల పచ్చి గింజలూ, జెబెనా అనే మెడ పొడుగాటి మట్టి కూజా ఒకటీ తెచ్చి నా చేతిలో పెట్టారు. (మేకలు కాఫీ పండ్లు తిని గంతులేస్తే కాఫీ సంగతి బయటపడిందన్న కథ మాత్రం దయచేసి ఎవరూ కామెంట్లలో పెట్టకండి. కాఫీ మాటెత్తితే చాలు, ఆ మేకల్ని తోలుకుని వచ్చేస్తారు.)

మూకుట్లో అట్లకాడతో లైట్ రోస్ట్ రాదు. ఈ విషయంలో ఎవరితోనైనా వాదిస్తాను. ఇథియోపియాలో ప్రతి ఇంట్లోనూ పెనం మీదే కదా వేయించేది అని బావగారు అన్నారు. నిజమే, కానీ వాళ్ళు బాగా ముదురు రంగు వచ్చేదాకా వేయిస్తారు. అంత ముదిరాక అక్కడక్కడా రెండు గింజలు ఎక్కువ మాడినా పెద్దగా తెలియదు. తేలిగ్గా వేయించేటప్పుడు ఒక పక్క మాడి ఇంకో పక్క పచ్చిగా ఉంటే నోట్లో పెట్టుకోగానే దొరికిపోతాం. అందుకని మా ఊళ్ళో లేతు షాపులో ఒక స్టీలు డబ్బాకి చిల్లులు వేయించి, పాత కారు వైపర్ మోటారు తగిలించి, గ్యాస్ పొయ్యి మీద తిరిగేలా చేయించాను. "మాస్టారూ, వేరుశనక్కాయలు వేయించడానికి ఇంత హంగామా ఏంటండీ?" అన్నాడు లేతు కుర్రాడు. కాఫీ గింజలకి అంటే నమ్మలేదు. ఇప్పటికీ నేను బజ్జీల బండి పెడతాననే అనుకుంటున్నాడు.

ఇక ప్రొఫైలు, అంటే ఏ నిమిషానికి ఎంత వేడి అన్న లెక్క. మొదటి వారం ఒక పద్ధతికి వచ్చాను. 150 గ్రాముల గింజలు, డబ్బా 190 డిగ్రీలకి వేడెక్కాక పోస్తాను. ఐదో నిమిషానికి ఆకుపచ్చ పోయి పసుపు రంగు వస్తుంది, గడ్డి వాసన పోయి అటుకులు వేయించిన వాసన మొదలవుతుంది. తొమ్మిదో నిమిషం దగ్గర ఫస్ట్ క్రాక్, పేలాలు పేలినట్టు. ఇథియోపియా గింజలు చిన్నవి, అన్నీ ఒక్క సైజులో ఉండవు. అందుకని క్రాక్ గుంపుగా రాదు. ఒకటి టప్ మంటుంది, కాసేపు ఏమీ ఉండదు, మళ్ళీ రెండు. నేను నాలుగో చప్పుడు నుంచి గడియారం చూస్తాను. మా వీధి చివర గుడి మైకు మోగుతుంటే ఆ నాలుగూ వినపడవు కాబట్టి నా రోస్టింగ్ అంతా మధ్యాహ్నం మూడింటికే. క్రాక్‌కి నిమిషం ముందు మంట పావు వంతు తగ్గించి, ఆ తర్వాత ముట్టుకోను. అక్కడ మంట మరీ తగ్గిస్తే గింజలో వేడి ఎక్కడిదక్కడ ఆగిపోయి రుచి రొట్టెలా మొద్దుబారిపోతుంది. సిలిండర్ అడుగంటిన రోజు ఇది అనుభవంలోకి వచ్చింది. క్రాక్ తర్వాత 70 సెకన్లకి దించి, చాటలో పోసి, టేబుల్ ఫ్యాన్ ముందు చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది, గింజలూ చల్లారతాయి. ఆ పొట్టు హాలంతా పరుచుకుంటుంది, అమ్మ తిట్టే తిట్లు వేరే.

అలా మొదటి నాలుగు బ్యాచులు చేశాను. పది రోజులు సీసాలో ఉంచి తాగితే చప్పగా ఉంది. చేదు లేదు, పులుపు లేదు, తడిసిన అట్టముక్క రుచి. పులుపు రాలేదంటే ఎక్కువ వేగిందని అర్థం కదా అనుకున్నాను. 70 సెకన్లు 55 అయ్యాయి, తర్వాత 40, జూన్ వచ్చేసరికి 20. దించగానే ఇంకా టప్ టప్ మంటూనే ఉండేవి. అయినా చప్పదనం పోలేదు, పైగా పచ్చి వేరుశనగ వాసన ఒకటి కొత్తగా చేరింది. నెట్‌లో వెతికితే అందరూ గ్రాఫులు పెట్టి గీతలు గీసి చూపిస్తారు, ఒక్కరైనా ఏ నీళ్ళతో కాచారో చెప్పరు.

మధ్యలో ఇంకో తెలివితక్కువ పని చేశాను. పచ్చి గింజల్లో అరకిలో గోనె సంచిలోనే వంటింట్లో వదిలేశాను. తొలకరి మొదలైన మూడు వారాలకి అవి ఉబ్బి, పాలిపోయి కనిపించాయి. మంగళూరు వైపు మాన్సూన్డ్ మలబార్ అని, గింజల్ని కావాలనే వానాకాలం తడిగాలికి పరిచి పులుపు పోగొట్టి అమ్ముతారు. మా కోనసీమ గాలి ఆ పని ఉచితంగా చేసిపెట్టింది. పచ్చి గింజలైనా సరే మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. శ్రావణమాసంలో బావగారు మళ్ళీ సెలవు మీద వచ్చారు. అక్క వరలక్ష్మీ వ్రతం చేసుకుంటోంది రమ్మంటే వెళుతూ, నోటుబుక్కులో 'ఫెయిల్' అని రాసుకున్న తొలి బ్యాచ్ సీసా ఒకటి సంచిలో వేసుకున్నాను. బాగా లేదని బావగారి చేత అనిపించుకుందామనే తప్ప వేరే ఆశ లేదు. పేరంటాళ్ళు వెళ్ళాక, సాంబ్రాణి పొగ ఇంకా తగ్గని హాల్లో అందరం కింద కూర్చున్నాం. వాళ్ళ ఊళ్ళో కూడా కాఫీకి పిలిస్తే ఇలాగే ధూపం వేస్తారనీ, కింద పచ్చగడ్డి పరుస్తారనీ, అబోల్, తోనా, బరకా అని మూడు విడతలు పోస్తారనీ, మూడోది తాగకుండా లేస్తే మర్యాద కాదనీ బావగారు చెబుతున్నారు. తినడానికి అక్కడైతే పాప్‌కార్న్ ఇస్తారట. మాకు వాయనం శనగలు ఉన్నాయి. నేను గరాటులో కాగితం ఫిల్టర్ పెట్టి, 15 గ్రాముల పొడి మీద అక్కావాళ్ళ కుళాయి నీళ్ళు కాచి 250 మిల్లీలీటర్లు పోశాను.

బావగారు ఒక గుక్క తాగి, కప్పు దింపి, "ఒరేయ్, ఇది ఫెయిలా?" అన్నారు.

నేనూ తాగాను. దబ్బపండు తొక్క గిల్లినప్పుడు వచ్చే వాసన. గొంతు దిగాక సన్నజాజులు. ఐదు నెలలు నా చేత చీవాట్లు తిన్న గింజలే అవి, అదే మర, అదే గరాటు, అదే నేను. ఐదు నెలల కిందట వేయించినవి కాబట్టి నిజానికి ఇంకా నీరసపడి ఉండాలి. మారిందల్లా ఊరు. కప్పు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అక్క చెంబులో నీళ్ళు తెచ్చి శనగలు తిన్న చేతులు కడుక్కోమంది. ఆ చెంబు వైపు చూశాక వెలిగింది.

మా ఇంట్లో తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను నీళ్ళు, కాచుకునేవాటికన్నిటికీ బోరు నీళ్ళు. మరిగించే నీళ్ళకి టిన్ను దండగ అని అమ్మ లెక్క, నేనూ కాదనలేదు. మా బోరు ఎలాంటిదంటే గిన్నెల అడుగున తెల్ల పొక్కు గీకితే వస్తుంది. నా చిన్నప్పుడు ఇంత లేదు. చుట్టూ వరి చేలు రొయ్యల చెరువులయ్యాక భూమిలో నీళ్ళ రుచే మారిపోయింది. దాని గురించి మొదలుపెడితే ఈ జవాబు ఇవాళ పూర్తవదు.

మర్నాడు ఐదు లీటర్ల డబ్బాలో అక్కావాళ్ళ కుళాయి నీళ్ళు పట్టుకుని రావులపాలెం మీదుగా బస్సెక్కాను. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి కాటన్ దొర గోదారిని మా గుమ్మం దాకా పంపాడు. నేను అదే గోదారిని ఒళ్ళో పెట్టుకుని టికెట్ కొనుక్కుని వస్తున్నాను. "కాశీ నుంచి గంగ తెచ్చినట్టు ఏంట్రా ఇది?" అంది అమ్మ.

మూడు కప్పులు కాచాను: బోరు, టిన్ను, రాజమండ్రి కుళాయి. ఏది ఏదో చెప్పకుండా అమ్మ ముందు పెట్టాను. టిన్నుది నీళ్ళగా ఉంది, ఉత్త పులుపంది. కుళాయిది నిమ్మకాయ షర్బత్తులా ఉందని మొహం చిట్లించింది. మూడోది తాగి "ఇది కొంచెం నయం, కాఫీలా ఉంది" అంది. అది బోరు. నాకు కావలసిన సాక్ష్యం అదే. పులుపు నచ్చని మనిషికి పులుపు చచ్చిపోయిన కప్పు నచ్చింది.

సోమవారం కాలేజీ ల్యాబులో మూడు నీళ్ళకీ టైట్రేషన్ (ఆమ్లం చుక్కచుక్కగా పోసి కొలవడం) చేశాను. ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని విరిచే గుణం, లీటరుకి బోరులో 420 మిల్లీగ్రాములు, కుళాయిలో 90, టిన్నులో 15. నీళ్ళలోని బైకార్బనేట్ ఆమ్లాన్ని తినేస్తుందని ఏటా బోర్డు మీద సమీకరణం రాసి మరీ చెప్పేవాణ్ణి. లైట్ రోస్టులో మనం మురిసిపోయే నిమ్మ పులుపు ఆ ఆమ్లాలే. నేను పొయ్యి దగ్గర సెకన్లు లెక్కపెట్టి కాపాడినదంతా గిన్నెలో బైకార్బనేట్ తాపీగా తినేసింది. కాల్షియం, మెగ్నీషియం ఉంటే మంచిదే, గింజలోని సారం బాగా దిగుతుంది. అందుకే అవి లేని టిన్ను నీళ్ళు పల్చగా కొడతాయి. స్పెషాలిటీ కాఫీవాళ్ళు ఆల్కలినిటీ 40 దగ్గర ఉంటే బాగుంటుందంటారు. లెక్క కడితే టిన్ను నీళ్ళు లీటరుకి బోరు నీళ్ళు 70 మిల్లీలీటర్లు కలిపితే సరిపోయింది. మీటరు పెడితే టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) 110 లోపే. ఇవాళ్టికీ అదే తాగుతున్నాను.

దీన్నిబట్టి మీ ప్రశ్నకి జవాబు. ఆ నీళ్ళతో పాత సీసాలన్నీ మళ్ళీ వరసగా తాగాను. 70 సెకన్లవి బ్రహ్మాండంగా ఉన్నాయి. 40 సెకన్లవి ఓ మోస్తరు. 20 సెకన్లవి పచ్చి వేరుశనగ, మరో మాట లేదు. అంటే మొదటి వారమే నా రోస్ట్ సరిగ్గా ఉంది, తర్వాత ఐదు నెలలు దాన్ని కష్టపడి చెడగొట్టుకున్నాను. మీరూ అదే దారిలో ఉన్నారని నా అనుమానం. కాబట్టి 60 నుంచి 75 సెకన్ల మధ్య ఆగి, ఇంకా కిందికి దిగకండి. డిగ్రీలంటారా, నా థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) క్రాక్ దగ్గర 198, దించేటప్పుడు 206 చూపిస్తుంది. మీది గింజల మధ్యలో కాక గాలిలో ఉంటే ఆ అంకెలు మీకు పనికిరావు. తూకం మాత్రం ఎవరింట్లోనైనా ఒకటే: 150 పోస్తే 132 దగ్గర రావాలి. 135 వచ్చిందంటే లోపల పచ్చి. కడగకుండా పండుతోనే ఎండబెట్టిన నాచురల్ రకమైతే డబ్బా 175 దగ్గరే పోయండి, త్వరగా మాడుతుంది. దాంట్లో బ్లూబెర్రీ రుచి ఉంటుందని ప్యాకెట్ల మీద రాస్తారు. మా జిల్లాలో బ్లూబెర్రీ తిన్నవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నేరేడు పండు అని రాస్తే అందరికీ అర్థమవుతుంది కదా?

చేయి తిరిగేదాకా అరకు గింజలతో చేయండి, పోయినా బాధ ఉండదు. ఈ మాటకి కోపం తెచ్చుకోకండి, నాకు అరకు కాఫీ ఇష్టమే. 2019లో దానికి జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే) గుర్తింపు వచ్చినప్పుడు కాలేజీలో అందరికీ కాఫీ పోసింది నేనే. కానీ అరకు తోటలు ఇంచుమించు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటాయి, యిర్గచెఫెవి 1,700 మీటర్ల పైన. చల్లదనానికి పండు నెమ్మదిగా పండి గింజ గట్టిపడుతుంది. మొదటి నిమిషాల్లో అరకు గింజకి ఇచ్చినంత మంటే దీనికిస్తే లోపలికి వేడి ఎక్కదు.

అమ్మ మాత్రం తన ఇత్తడి ఫిల్టర్‌కి బోరు నీళ్ళే పోస్తుంది. ముదురు వేపుడులో, చికోరీలో పోవడానికి పులుపెక్కడిది, పైగా పాలు. ఆ కాఫీ బాగుంటుంది, పొద్దున్నే నేనూ అదే తాగుతాను.

మీది ఏ ఊరో రాయలేదు. బోరా, కుళాయా, టిన్నా అన్నది కింద కామెంటులో రాయండి. బోరైతే ఒక సీసాలో పట్టి పంపండి, ల్యాబులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావలసినంత ఉంది.