సంతకం పెట్టే ముందు చదవవలసిన ఉత్తరం

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ సంగీత బృందం వ్యవహారాలన్నీ మేనేజర్‌గా తాను చూసుకుంటానని విశాఖపట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి ఇచ్చిన ఒప్పంద పత్రం అందింది. సాంతం చదివాను. వచ్చే వారంలోగా నలుగురూ సంతకాలు చేయాలని ఆయన తొందరపెడుతున్నాడని రాశావు. ఆ తొందరకు లొంగవద్దు. ఉద్యోగకాలమంతా సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేసినవాడిని కాబట్టి, ఏ కాగితం చూసినా సొమ్ము ఎవరి చేతి మీదుగా పోతున్నదో ముందు చూస్తాను. ఈ పత్రం ప్రకారం కచేరీల పారితోషికం, పాటల మీద వచ్చే రాయల్టీ, కంపెనీలు ఇచ్చే అడ్వాన్సులు సమస్తమూ మేనేజర్ స్థాపించబోయే సంస్థ ఖాతాలో జమ అయి, అక్కడి నుంచి మీకు నెలజీతంగా వస్తాయి. ఆయన మంచివాడో కాదో నాకు తెలియదు గాని, ఈ ఏర్పాటు మాత్రం మంచిది కాదు.

ఇలాంటి ఏర్పాటులోనే చిక్కుకొని బ్యాడ్‌ఫింగర్ అనే బ్రిటిష్ రాక్ బృందం నాశనమైంది. వేల్స్‌లోని స్వాన్సీలో మొదలైన ఆ బృందం 1968లో ప్రఖ్యాత బీటిల్స్ బృందం వారి రికార్డు కంపెనీ ఆపిల్ రికార్డ్స్‌లో చేరింది. బీటిల్స్ సభ్యులలో పాల్ మెకార్ట్‌నీ వారికి పాట రాసి ఇచ్చాడు, జార్జ్ హారిసన్ వారి రికార్డింగులు కొన్ని దగ్గరుండి చేయించాడు. బృందంలోని పీట్ హామ్, టామ్ ఎవాన్స్ కలిసి కట్టిన ‘వితౌట్ యూ’ను హారీ నిల్సన్ పాడగా, అది 1972లో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది, 1994లో మరయా కేరీ గొంతులో మరో తరానికి వినిపించింది. ప్రతిభలో గాని, పెద్దల అండలో గాని, శ్రోతల ఆదరణలో గాని వారికి లోటు లేదని చెప్పడానికే ఇదంతా రాశాను.

1970లో వారు స్టాన్ పాలీ అనే అమెరికన్ వ్యాపారిని మేనేజర్‌గా ఒప్పుకొన్నారు. బృందం సంపాదన ఆయన అదుపులోని సంస్థలకు చేరేది, సభ్యులకు జీతాలు ముట్టేవి. 1970 డిసెంబరు నుంచి 1971 అక్టోబరు వరకు గల కాలానికి తయారైన లెక్కల పత్రంలో నలుగురు సభ్యులలో ఏ ఒక్కరికీ 9 వేల డాలర్లయినా అందినట్టు లేదు. మేనేజ్‌మెంట్ కమిషన్ మాత్రం 75 వేల డాలర్లు దాటింది. ఆ అంకెల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఊరూరా తిరిగి పాడినవాళ్లందరి వాటా కలిపినా, వాళ్ల తరఫున మాట్లాడిన మనిషి కమిషన్‌లో సగానికి చేరలేదు. ఆ తరువాత వార్నర్ అనే అమెరికన్ రికార్డు సంస్థతో పెద్ద ఒప్పందం కుదిరింది. అడ్వాన్సులో కొంత విడిగా భద్రపరచాలన్నది షరతు. ఆ సొమ్ము ఏమైందో తేలకపోవడంతో పాటల హక్కులు చూసే వార్నర్ ప్రచురణ విభాగం 1974 చివర దావా వేసింది. అప్పుడే విడుదలైన ఆల్బమ్‌ను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. మరో ఆల్బమ్ రికార్డయి కూడా 2000 వరకు వెలుగు చూడలేదు.

జీతాలు ఆగిపోయాయి. పీట్ హామ్ 1975 ఏప్రిల్ 24న, 27 ఏళ్ల వయసులో, మేనేజర్‌ను నిందిస్తూ ఉత్తరం రాసిపెట్టి తన ప్రాణం తీసుకున్నాడు. అతని కూతురు ఆ తరువాతే పుట్టింది. 1983లో టామ్ ఎవాన్స్ కూడా అలాగే వెళ్లిపోయాడు. నాయనా, ఇది నిన్ను భయపెట్టడానికి రాయలేదు. డబ్బు చిక్కులు ఎంత పెద్దవైనా ఇంట్లోవాళ్లకు చెప్పుకోదగినవే. ఎప్పుడైనా అటువంటి స్థితి వస్తే, అర్ధరాత్రి అయినా సరే, ముందు నా తలుపు తట్టు.

ఇక మీరు చేయవలసినది. మేనేజర్ అవసరం లేదని నేను అనను. పైడితల్లి పండుగ రోజుల్లో కార్యక్రమాలు కుదుర్చుకోవడం, కళాశాలల వార్షికోత్సవాలకు బేరమాడడం, సౌండ్ వాళ్లతో మాట్లాడడం మీ నలుగురితో అయ్యే పని కాదు. అయితే సొమ్ము మీ బృందం పేరున తెరిచిన ఖాతాలోకే రావాలి, అందులోంచి కమిషన్ ఆయనకు వెళ్లాలి. ఆ కమిషన్ సాధారణంగా 15 నుంచి 20 శాతం మధ్య ఉంటుంది. మా చిన్నతనంలో పల్లెల్లో తప్పెటగుళ్ల వాళ్లు ఆట ముగిసిన చోటే, అందరూ చూస్తుండగా సొమ్ము లెక్కపెట్టి పంచుకొనేవారు; మీ ఖాతా కూడా నలుగురి కళ్ల ముందే ఉండాలి. మీ తరఫున అన్ని సంతకాలూ ఆయనే చేసే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవద్దు. యూట్యూబ్ ఛానల్ పాస్‌వర్డ్ కూడా మీ దగ్గరే ఉండాలి.

పాటల హక్కులను ‘ప్రపంచమంతటా, శాశ్వతంగా’ బదిలీ చేస్తున్నట్టు ఏడో పేజీలో ఉంది. దానిని కొట్టివేయించు. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి; గడువు రాయకపోతే అయిదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ భావిస్తారు. సినిమాలో గాని, సౌండ్ రికార్డింగులో గాని చేరిన పాట మీద రచయితకూ స్వరకర్తకూ రావలసిన రాయల్టీ వాటాను వదులుకుంటున్నట్టు రాయించుకున్నా అది చెల్లకుండా 2012 సవరణ రక్షణ కల్పించింది. పాటలు కట్టే నువ్వూ, సాహిత్యం రాసే నీ మిత్రుడూ పాటల రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసిపెట్టే, 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్ సంస్థలో సభ్యులుగా చేరండి. ఏ పాటలో ఎవరి వాటా ఎంతో, పాట పూర్తయిన రోజే కాగితం మీద రాసుకోండి. ‘వితౌట్ యూ’ ఆదాయం ఎవరికెంత అన్న తగవు ఆ బృందంలో మిగిలిన స్నేహాన్ని కూడా దెబ్బతీసింది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

మరో మాట. మీ డ్రమ్మర్‌కు ఇంకా పద్దెనిమిదేళ్లు నిండలేదు. మైనరు చేసిన ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. అందుకే పత్రం చివర అతని తండ్రి సంతకానికి చోటు వదిలారు. ఆ తండ్రికి ఈ ఉత్తరం చదివి వినిపించు.

ఘంటసాల, సుశీల వంటివారు చదువుకున్న సంగీత కళాశాల ఉన్న ఊరు మనది. ఇక్కడ పాట నేర్పేవారికి ఎన్నడూ కొదవ లేదు గాని, పాటకు లెక్క ఉంటుందని నేర్పినవారు తక్కువ. ఆదివారం ఉదయం నలుగురూ పత్రం అసలు ప్రతితో ఇంటికి రండి. నాకు తెలిసిన న్యాయవాదిని కూడా పిలిచాను. మార్పులు రాసి ఆ విశాఖపట్నం పెద్దమనిషికి పంపుదాం. ఖాతా విషయంలో ఆయన ఒప్పుకుంటే మిగతావి మాట్లాడుకోవచ్చు, ఒప్పుకోకపోతే వేరొకరిని వెతుకుదాం.

ఇట్లు,
మీ మామయ్య