సెకండ్ హ్యాండ్ ఈవీ కొంటారా? ముందు మీ పార్కింగ్‌లో ప్లగ్గు చూపించండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా పాత ఎలక్ట్రిక్ కార్ల గురించే ఉన్నాయి. మన విశాఖలో 2020, 2021లో కొన్న మొదటి బళ్ళు ఇప్పుడు చేతులు మారుతున్నాయి, అదీ కారణం. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఏరియా మాత్రమే రాస్తున్నాను. నేనూ పాత ఈవీయే నడుపుతున్నాను, అందుకని కొన్నిచోట్ల నా సోది కూడా తగుల్తుంది, భరించండి.

ప్రశ్న (గాజువాక): సార్, నేను స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ చేస్తాను. తెలిసినాయన 2021 ఆగస్టులో రిజిస్ట్రేషన్ అయిన టాటా నెక్సాన్ ఈవీ అమ్ముతానంటున్నాడు, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. మా బావేమో బ్యాటరీ పోతే బండి రేటంత అవుద్ది వద్దు అంటున్నాడు, మా అబ్బాయేమో కొను నాన్నా అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ బావగారి భయంలో నిజం లేకపోలేదండీ. కానీ భయపడాల్సింది కిలోమీటర్లు చూసి కాదు, తారీఖు చూసి. ఆ మోడల్‌కి బ్యాటరీ, మోటార్ వారంటీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మీ బండికి 2029 ఆగస్టు దాకా ఉందన్నమాట. అదే 2020 జనవరిలో లాంచ్ అయినప్పుడు మొదట్లో కొన్న బండయితే 2028 మొదట్లోనే అయిపోద్ది. తక్కువ తిరిగింది సార్, ఇరవై వేలే అని ఎవరైనా 2020 బండిని ఎక్కువ రేటు చెప్తే నేనైతే ముఖం తిప్పుకుని వచ్చేస్తాను, మీలాంటి 62 వేల 2021 బండి నాకు దానికంటే నయం. పెట్రోల్ బండి లెక్క ఇక్కడ తిరగబడుతుంది.

అయితే వారంటీ ఉంది కదా అని గుడ్డిగా సంతకం పెట్టేయకండి. బండి ఛాసిస్ నంబర్ పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి మూడు విషయాలు అడగండి: సర్వీసులు టైముకి చేయించారా, యాక్సిడెంట్ గానీ నీళ్ళలో మునగడం గానీ రికార్డులో ఉందా, బ్యాటరీ హెల్త్ ఎంత శాతం చూపిస్తోంది. ఎంత శాతం కిందికి పడితే వాళ్ళు బాధ్యత తీసుకుంటారో వారంటీ కార్డులో ఉంటుంది, అదీ చదవండి. బయట వైరింగ్ కెలికించినట్టు తేలితే వారంటీ గోవిందా.

ఇక మీరే చేసుకునే టెస్టు ఒకటుంది, దీనికి పైసా ఖర్చు లేదు. రాత్రి ఫుల్ ఛార్జ్ పెట్టమనండి, పొద్దున ట్రిప్ మీటర్ జీరో చేసి గాజువాక నుంచి ఎన్‌ఏడీ, మధురవాడ మీదుగా ఆనందపురం వెళ్ళి అదే రోడ్డులో వెనక్కి రండి, డెబ్బై కిలోమీటర్ల అటూ ఇటూ వస్తుంది. ఏసీ మీరు రోజూ ఎలా వాడతారో అలాగే వెయ్యండి, యాభై అరవై స్పీడులో పోండి. వెళ్ళిన దారినే రమ్మనేది ఎందుకంటే ఎక్కుడూ దిగుడూ చెల్లుకు చెల్లు అయిపోతాయి. 70 కిలోమీటర్లకి 33 శాతం తగ్గిందంటే ఫుల్ మీద 210 వస్తుంది, ఆ 30.2 యూనిట్ల బ్యాటరీకి అది చాలా మంచి నంబర్. 40 శాతం తగ్గితే 175 వచ్చినట్టు, అప్పుడు బేరం గట్టిగా ఆడండి. కాగితం మీద 312 అని ఉంటుంది చూడండి, అది ల్యాబులో నడిపిన నంబర్, మన ట్రాఫిక్‌లో కొత్త బండికే రాలేదు, దాన్ని పట్టుకుని అమ్మేవాడితో గొడవ పెట్టుకోకండి.

ఇంకోటి. పర్సెంటేజ్ 18 ఉన్నది ఉన్నట్టుండి 9కి పడిపోతే బ్యాటరీ చచ్చిపోయిందని కంగారు పడక్కర్లేదు. టాటా వాళ్ళవి ఎక్కువగా ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం సెల్స్, వాటి వోల్టేజ్ చాలాసేపు ఒకే గీత మీద ఉంటుంది, ఎంత మిగిలిందో లోపలున్న కంప్యూటర్‌కే సరిగ్గా అర్థం కాదు. ఎప్పుడూ 80 దగ్గర ప్లగ్ పీకేసే ఓనర్ల బళ్ళలో ఇది ఎక్కువ. ఇంటి ప్లగ్గు మీద నెమ్మదిగా వందకి ఎక్కించి, ఎక్కాక కూడా కాసేపు అలా వదిలేస్తే లెక్క సర్దుకుంటుంది. రెండు మూడుసార్లు అలా చేసినా దూకుతూనే ఉంటే అప్పుడు అనుమానించండి.

టెస్ట్ డ్రైవ్ అయ్యాక ఏదైనా ఫాస్ట్ ఛార్జర్ దగ్గర పావుగంట తప్పకుండా పెట్టి చూడండి. ఇంటి ప్లగ్గు మీద బాగా ఎక్కే బండి ఫాస్ట్ ఛార్జర్ దగ్గర మొరాయించొచ్చు, రెండూ వేరు వేరు దారులు. బండితో పాటు వచ్చిన ఒరిజినల్ పోర్టబుల్ ఛార్జర్ డిక్కీలో ఉందో లేదో కూడా చూడండి. నేను కొన్నప్పుడు ఇంటికెళ్ళి పంపిస్తానన్నాడు, ఇంకా పంపిస్తూనే ఉన్నాడు.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ): అన్నయ్యగారూ, మాది నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్, సెల్లార్‌లో పార్కింగ్. ఈవీ తీసుకుందామంటే అసోసియేషన్ ప్రెసిడెంటు గారు ప్లగ్గు పెట్టనివ్వట్లేదు, కామన్ కరెంట్ వాడతారంటారు, తగలబడిపోద్ది అంటారు. పైగా కరెంటు బిల్లు స్లాబు మారిపోయి ఆదా అంతా బిల్లులోనే పోతుందని మా పక్కింటావిడ. నిజమేనా?

జవాబు: అమ్మా, ప్లగ్గు సంగతి తేలేదాకా బండి చూడ్డానికి కూడా వెళ్ళకండి. బయట ఛార్జర్ల మీదే ఆధారపడి పాత ఈవీ కొనొద్దు, ఇది నా గట్టి అభిప్రాయం. యూనిట్‌కి ఇరవై రూపాయల అటూ ఇటూ పెట్టి, గంట గంట నిలబడి, పైగా పక్కన ఇంకొకడు ఎప్పుడు తీస్తారండీ అని అడుగుతుంటే ఆ బండి మీద నెలలోపే విరక్తి పుడుతుంది.

ప్రెసిడెంటు గారితో గొడవ వద్దు. కామన్ కరెంటు ఊసే తేకుండా మా ఫ్లాట్ మీటర్ నుంచే విడిగా లైను లాక్కుంటాం అని కాగితం మీద రాసివ్వండి. మీ మీటర్ నుంచి పైపులో మందమైన కాపర్ వైరు, చివర 16 ఆంప్స్ ఇండస్ట్రియల్ సాకెట్, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), ఆర్సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చి), మంచి ఎర్తింగ్. ఎర్తింగ్ బాగోకపోతే ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది, అసలు ఎక్కదు, మన బీచ్ పక్క బిల్డింగుల్లో ఎర్త్ రాడ్డులు తుప్పు పట్టేసి ఇదే తలనొప్పి. తగలబడ్డం అంటారా, ఆయన భయపడాల్సింది కారు గురించి కాదు, గీజర్ పెట్టే పాత సాకెట్‌కి ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి రాత్రంతా లాగే వాళ్ళ గురించి. కావాలంటే మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో ఈవీకని విడి కనెక్షన్ కూడా అడగొచ్చు, 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన కన్స్యూమర్ రూల్స్‌లో ఆ హక్కు ఉంది.

మీ పక్కింటావిడ చెప్పిన స్లాబు మాట మాత్రం కరెక్టే, లెక్క వేద్దాం. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగారనుకోండి, యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్ల చొప్పున, ఛార్జింగ్‌లో పోయేది కూడా కలిపితే 170 యూనిట్లు. ఇప్పుడు ఇంట్లో 200 కాలుస్తున్నారంటే అది 370 అవుతుంది. 225 దాకా యూనిట్ 6 రూపాయలు, అది దాటితే 8.75. అంటే 25 యూనిట్లకి 150, మిగతా 145కి సుమారు 1,270, కలిపి 1,420 రూపాయలు, పైన ఆ ట్రూ అప్ (పాత ఖర్చుల తేడా తర్వాత బిల్లులో వేసేది) గోల ఎలాగూ ఉంటుంది. 400 దాటితే 9.75, వేసవిలో రెండు ఏసీలు నడిపే ఇల్లయితే అది కూడా తగుల్తుంది. సరే, అదే వెయ్యి కిలోమీటర్లు లీటరుకి పదిహేనిచ్చే పెట్రోల్ బండయితే ఏడు వేలు దాటుతుంది. స్లాబు మారినా నష్టం లేదని ఆవిడకి చెప్పండి.

రోజుకి నలభై కిలోమీటర్లు తిరిగే వాళ్ళకి రెండు రెండున్నర గంటలు పెడితే చాలు. రాత్రంతా పెట్టాల్సింది వారానికోసారే.

ప్రశ్న (కూర్మన్నపాలెం): హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర ఈవీ ఆన్‌లైన్లో చూశాను, ఇక్కడికంటే చవక. మొత్తం రేటు మీద 18 శాతం జీఎస్టీ వేరే అంటున్నాడు. తెచ్చుకోవచ్చా?

జవాబు: మొత్తం రేటు మీద 18 శాతం అన్నాడంటే వాడితో మాట్లాడ్డం ఆపేయండి. 2024 డిసెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ పాత ఈవీలకి 18 శాతం అన్నది నిజమే, కానీ అది డీలర్ మార్జిన్ మీద. ఏడు లక్షలకి కొని ఏడు లక్షల అరవై వేలకి అమ్మితే ఆ అరవై వేల మీద, పది వేల చిల్లర. మామూలు మనిషి తన బండి మీకు నేరుగా అమ్మితే అదీ లేదు.

చవకెందుకో నంబర్ ప్లేటు చూస్తే తెలిసిపోవచ్చు. ఈవీలకి ఆకుపచ్చ ప్లేటే కదా, దాని మీద అక్షరాలు తెల్లగా ఉంటే సొంత బండి, పసుపుగా ఉంటే టాక్సీ. టాక్సీగా తిరిగి తర్వాత సొంతానికి మార్పించినవి కూడా ఉంటాయి, ఆర్సీ హిస్టరీ అడగండి. రోజుకి రెండుసార్లు ఫాస్ట్ ఛార్జ్ కొట్టిన బ్యాటరీ, సీటు కవర్లు కొత్తవి, అలాంటిది చవకైనా నాకొద్దు. కొన్ని కంపెనీలు ఇప్పుడు లైఫ్‌టైమ్ బ్యాటరీ వారంటీ అంటున్నాయి, అది మొదటి ఓనర్‌కే వర్తిస్తుందా మీకూ వస్తుందా అని రాయించుకోండి.

పక్క రాష్ట్రం బండికి ఫారం 28 (అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ), పేరు మార్పుకి ఫారం 29, 30, బండి మీద లోను ఉంటే అది తీరినట్టు ఫారం 35 కావాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఏమైనా పడుతుందా అని అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి, ఇచ్చాక కాదు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోండి, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది ఆయనతోనే పోతుంది.

కాగితాలతో పాటు ఫోన్ యాప్‌లోంచి పాత ఓనర్‌ని తీయించడం మర్చిపోవద్దు. నేను మర్చిపోయాను. కొన్న మూడోవారం రాత్రి పన్నెండింటికి వాచ్‌మన్ తలుపు కొట్టాడు, బాబుగారూ బండి దానంతటదే గాలి ఊదుతోంది, లోపల ఎవరూ లేరు అని. దిగి చూస్తే నిజమే, ఏసీ రయ్యిమని తిరుగుతోంది. అప్పట్నుంచి పాపం ఆయన ఆ పిల్లరు పక్కన పడుకోలేదు. పొద్దున పాత ఓనర్‌కి ఫోన్ చేస్తే వాళ్ళబ్బాయి ఫోన్లో యాప్ అలాగే ఉందని, బటన్లు నొక్కి చూశాడని నవ్వుతున్నాడు. నవ్వు సరే, అదే యాప్‌లో నా బండి ఎక్కడుందో కూడా కనిపిస్తుంది కదా.

ప్రశ్న (పెదవాల్తేరు): సముద్రం గాలికి బ్యాటరీ పాడవుతుందా? వానాకాలం నీళ్ళలోంచి వెళ్ళొచ్చా?

జవాబు: బ్యాటరీ సీల్ చేసిన డబ్బా, చాలావాటికి ఐపీ67 ఉంటుంది, మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకోవాలని. అలాగని అండర్‌బ్రిడ్జి కింద చెరువులోకి దించమని కాదు, అక్కడ బండి తేలిపోతే ఐపీ67 ఈదదు. ఉప్పుగాలి తినేది బ్రేకు డిస్కుల్ని. ఈవీలో స్పీడు తగ్గించే పని సగం మోటారే చేసేస్తుంది, డిస్కులకి పని తగ్గి తుప్పు పడతాయి. కొనేటప్పుడు చక్రం లోపలికి టార్చి వేసి చూడండి, లిఫ్ట్ ఎక్కించి కింద బ్యాటరీ ట్రే మీద సొట్టలు, గీతలు ఉన్నాయేమో చూడండి. టైర్లు కూడా, బరువెక్కువ బండి, త్వరగా అరుగుతాయి. ఒక పొద్దున బండి అసలు లేవకపోతే సగంసార్లు తప్పు చిన్న 12 వోల్టుల బ్యాటరీదే, పెద్దదాన్ని తిట్టకండి.

ప్రశ్న (సీతమ్మధార): 30 యూనిట్ల పాత బండితో అరకు వెళ్ళి రావచ్చా?

జవాబు: వెళ్ళొచ్చు, ఒక రాత్రి అక్కడ ఉంటే. 115 కిలోమీటర్లకి పదిహేడు యూనిట్లు పోతాయి, నలుగురితో కలిపి 1,700 కేజీలున్న బండిని సుమారు కిలోమీటరు ఎత్తుకి ఎక్కించడానికి ఇంకో అయిదు. పైకి చేరేసరికి పాతిక శాతం మిగులుతుంది, ఎస్.కోట దగ్గర ఎక్కువ షికార్లు చేయకపోతే. హోటల్‌కి ముందే ఫోన్ చేసి 15 ఆంప్స్ ప్లగ్గు ఉందా, ఎర్తింగ్ ఉందా అని అడగండి, ఛార్జింగ్ ఉందా అంటే ఫోన్ ఛార్జింగ్ అనుకుని ఉంది సార్ అనేస్తారు. రాత్రి అయిదారు గంటలు పెడితే తిరుగుప్రయాణానికి సరిపోద్ది. వందకి మాత్రం ఎక్కించకండి, నిండిన బ్యాటరీలోకి దిగేటప్పుడు వచ్చే కరెంటు పట్టదు, అప్పుడు ఘాట్ అంతా బ్రేకుల మీదే దిగాలి. ఎనభై దగ్గర ఆపి, రీజెన్ (స్పీడు తగ్గేటప్పుడు మోటారే కరెంటు తయారుచేసి బ్యాటరీలోకి పంపడం) ఎక్కువలో పెట్టి దిగండి. ఘాట్ మొదట్లో ఎంత ఉందో పక్కసీటు వాళ్ళని గుర్తు పెట్టుకోమనండి, కింద చదును రోడ్డు తగిలేసరికి ఆ నంబర్ పెద్దగా కదలదు, మా ఆవిడ మీటరు పాడైందనుకుంది.