ఇన్నేళ్ల సేవలో ఒక పాస్టర్ ఎవరికి కృతజ్ఞత చెప్పుకుంటాడు? పిలుపు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న వేసిన తమ్ముడు రెండు సంగతులు అడిగాడు. సేవకు పిలుపు ఉందని మీకెలా తెలిసింది, ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఎవరిని తలుచుకుంటారు అని. తను ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నానని, సేవ అంటే నాన్నగారు ఒప్పుకోవడం లేదని కూడా రాశాడు. నేను చెన్నైలో ఒక తెలుగు సంఘానికి పాస్టర్‌ని. ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్లు దాటింది. నా వరకు ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. పిలిచింది దేవుడే, అందులో నాకు అనుమానం లేదు. ఆ పిలుపు నా దాకా వచ్చిందీ, నన్ను వదలకుండా పట్టుకున్నదీ మాత్రం మనుషుల మంచితనం వల్లనే.

మన కూడికల్లో సాక్ష్యాలు మీరూ వినే ఉంటారు. కలలో వెలుగు కనబడిందనీ, పేరు పెట్టి పిలిచిన స్వరం వినబడిందనీ, డాక్టర్లు చేతులెత్తేశాక బతికామనీ చెబుతారు. నేను వాటిని కాదనను. అలాంటి అనుభవం ఉన్న దైవసేవకులు నాకు బాగా తెలుసు. నాకు అలాంటిదేదీ జరగలేదు. కుర్రతనంలో ఇది నన్ను బాగా కుంగదీసింది. బైబిల్లో పౌలుకి దమస్కు దారిలో అంత వెలుగు కనబడింది కదా, నాకేదీ అని ఏడ్చిన రాత్రులున్నాయి.

రామాయపట్నం సెమినరీలో ఒక మాస్టారు ఆ భాగాన్నే మాచేత నిదానంగా చదివించారు. అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం. వెలుగు కనబడిన మాట నిజమే. కానీ ఆ వెలుగులో ప్రభువు పౌలుకి పని అప్పజెప్పలేదు. ఊళ్లోకి వెళ్లు, ఏం చేయాలో అక్కడ చెబుతారు అన్నాడు. ఊళ్లో ఉన్నది అననీయ అనే మామూలు విశ్వాసి. అతనికి పౌలంటే భయం, ఉండదా మరి? తనలాంటివాళ్లని పట్టుకుపోవడానికే కదా ఆ మనిషి బయల్దేరింది. అయినా వెళ్లి, అతని మీద చేతులుంచి, "సౌలా, సహోదరుడా" అన్నాడు. సౌలు అంటే పౌలే. తర్వాత యెరూషలేములో శిష్యులెవరూ నమ్మకపోతే బర్నబా చెయ్యిపట్టి తీసుకెళ్లాడు. ఆ తర్వాత పౌలు తార్సులో ఉంటే, అదే బర్నబా అక్కడిదాకా వెళ్లి వెదికి అంతియొకయకు తీసుకొచ్చాడు. అననీయ ఆ గడప తొక్కకపోయినా, బర్నబా తార్సు ప్రయాణం పెట్టుకోకపోయినా ఏమయ్యేదో ఆలోచించమన్నారు మాస్టారు. ఆ రోజు నుంచి నాకు వెలుగు కనబడలేదన్న బెంగ పోయింది. నా అననీయలు ఎవరు, నా బర్నబాలు ఎవరు అని లెక్క మొదలైంది.

మాది ఒంగోలు దగ్గర మాదిగపల్లె. మా నాయనమ్మ ధాత కరువు సంగతి కళ్లారా చూసినట్టే చెప్పేది. నిజానికి అది వాళ్ల పెద్దలు ఆమెకు చెప్పింది. 1876 నుంచి 1878 దాకా సాగిన ఆ కరువులో జనానికి పని కల్పించడానికి సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్వించింది. ఒంగోలు మిషన్‌లో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు అందులో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి పని ఇచ్చారు. ఆ కాలంలో బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని ఆపారు. కరువు సాయం ముగిశాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంఘ చరిత్ర రాసేవాళ్లందరూ ఈ అంకె చెబుతారు. మా నాయనమ్మకి అంకెతో పని లేదు. "కూలి డబ్బులు ఎవరి చేతిలో వాళ్లకే పెట్టాడంట, మధ్యలో ఒక్కడు కూడా కాజేయకుండా" అని చెప్పేది, ఎన్నిసార్లు చెప్పినా అక్కడికొచ్చేసరికి ఆమె గొంతు మారేది. మా ఇంట్లోకి సువార్త అలా వచ్చింది. ఆ కాలువే చెన్నైలో ఎం.ఆర్.టి.ఎస్. రైలు స్తంభాల కింద నల్లటి నీళ్లతో పారుతుంటుంది. మైలాపూర్ వైపు వెళ్తూ అది కనబడితే నేను ఇప్పటికీ తల వంచి స్తోత్రం చెప్పుకుంటాను. మా పెద్దల ఆకలి తీర్చిన కాలువ అది.

నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి పోయేది. హైస్కూలు చదువు కోసం నన్ను ఒంగోలులో మా అయ్యగారి, అంటే పాస్టర్‌గారి ఇంట్లో ఉంచారు. వాళ్లకే నలుగురు పిల్లలు. సంఘం ఇచ్చే జీతం ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ ఇల్లు గడిచింది చాలావరకు పిడికెడు బియ్యంతోనే. తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా సంఘాల్లో ఆడవాళ్లు అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి తెస్తారు. పది ఇళ్ల బియ్యం ఒకే గోనెలో పడతాయి. అందులో సన్నబియ్యం, రేషన్ బియ్యం, ఎవరో కూలికి తెచ్చుకున్న దొడ్డుబియ్యం, అన్నీ కలిసిపోతాయి. ఆ అన్నం ఎప్పుడూ ఒక్కతీరుగా ఉడికేది కాదు. ఒక మెతుకు ముద్దయ్యేలోపు ఇంకో మెతుకు పలుకుగానే ఉండేది. అయ్యగారి భార్య, మా అమ్మగారు, గంజి వార్చి, గిన్నె అడుగున మెత్తగా ఉన్న అన్నం పిల్లలకి పెట్టి, పైన పలుకుగా ఉన్నది తను తినేది. ఆ పిల్లల్లో నన్ను కూడా లెక్కేసింది. ఆమె ఏనాడూ నన్ను "నువ్వు సేవకుడివి కావాలి" అనలేదు. కంచం దగ్గర మాత్రం తేడా చూపించలేదు.

సాయంత్రాలు అయ్యగారు ఇళ్లకు వెళ్తుంటే సంచి మోయడానికి నన్ను తీసుకెళ్లేవారు. ఒకసారి క్షయతో బాధపడుతున్న ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాం. ఆయన సొంత కొడుకులే గుమ్మం బయట నిలబడి మాట్లాడుతున్నారు. అయ్యగారు లోపలికి వెళ్లి నులకమంచం అంచున కూర్చున్నారు. మంచం పట్టె కిర్రుమంది. పెద్దాయన ఉలిక్కిపడి చూసి, పక్కకు జరిగి చోటిచ్చాడు. ప్రార్థన చాలా చిన్నది, దానిలో ఏం చెప్పారో నాకు గుర్తు లేదు. చోటిచ్చినప్పుడు ఆ ముసలాయన మొహం గుర్తుంది. నేను కూడా ఇలా కూర్చోవాలి అనిపించింది. నా పిలుపు ఎప్పుడని అడిగితే నేను చెప్పేది అదే సాయంత్రం.

చెన్నైకి నేను కోరి రాలేదు, పంపితే వచ్చాను. ఉత్తర చెన్నైలో పులియంతోపు, వ్యాసర్పాడి వైపు పేటల్లో, కార్పొరేషన్‌లో పారిశుధ్య పని చేసే మన తెలుగువాళ్లు తరాలుగా ఉన్నారు. వాళ్ల తాతలు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్లే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగు చదవడం రాని ఇళ్లు చాలా. మొదటి ఆరాధనలో ఒక అక్క చేతిలో పాటల నోటుబుక్ చూశాను. పాటలన్నీ తెలుగువే, రాసింది తమిళ అక్షరాల్లో. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కదా, అయినా ఆమె ఒక్క చోట కూడా తడబడకుండా పాడింది. పాట ఆమె నోట్లో వాళ్లమ్మ దగ్గర్నుంచే ఉంది, నోటుబుక్ ఊరికే తోడు. నేను ఏదో నేర్పడానికి వచ్చాననుకున్నాను, వాళ్లు అప్పటికే ఎంతో దాచుకుని ఉన్నారు.

తెల్లవారకముందే డ్యూటీకి పోయే మనుషులు కాబట్టి మా ఆరాధన ఆదివారం సాయంత్రం. ఊరి చెత్తంతా ఎత్తి వచ్చి, స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. వాళ్ల కానుకల్లో పెద్ద నోట్లుండవు. నా భార్యకి ఆపరేషన్ అయినప్పుడు రక్తం కావాలంటే, రాత్రి డ్యూటీ దిగిన తమ్ముళ్లు ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా ఆసుపత్రికి వచ్చి వరసగా నిలబడ్డారు. ఈ రోజు నా ఇంట్లో దీపం వెలుగుతోందంటే వాళ్ల చలవే.

మొదట్లో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు తమిళావిడ, నుదుట విభూతి లేకుండా బయటికి రాని మనిషి. పాస్టర్‌కి ఇల్లివ్వం అని చాలా చోట్ల తిప్పి పంపాక ఆమె ఇచ్చింది, అడ్వాన్సు కూడా సగమే తీసుకుంది. నా భార్య నెలలు నిండి ఉన్నప్పుడు మెట్రోవాటర్ లారీ వచ్చే వేళకి తన బిందెల పక్కనే మా బిందెలు కూడా వరసలో పెట్టి, నింపించి, మా గుమ్మంలో దించేది. ఆమె మా దేవుణ్ణి నమ్మలేదు, నమ్మమని నేను ఒత్తిడీ చేయలేదు. ఆమె పోయినప్పుడు ఆమె కొడుకులతో పాటు శ్మశానం దాకా నడిచాను.

2014 జూన్ 28న మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వలస వచ్చిన కూలీలు చాలామంది. బంధువులు దొరికిన రైలెక్కి వచ్చారు. ఎవరికీ తమిళం రాదు. మార్చురీ బయట తెలుగు మాట్లాడే మనిషి కావాలని ఎవరో ఫోన్ చేస్తే వెళ్లాను. అక్కడ ప్రసంగానికి చోటు లేదు. ఫారాలు చదివి చెప్పడం, పేర్లు రాయడం, ఏ కౌంటర్‌కి వెళ్లాలో చూపించడం, అంతే పని. ఒక పెద్దాయన కొడుకు కోసం వచ్చాడు. ఫారం మీద వేలిముద్ర వేసి, ఆ సిరా వేలు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక గాల్లో అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నా చొక్కా అంచు పట్టుకుని తుడుచుకోమన్నాను. తుడుచుకోలేదు. నా చెయ్యి పట్టుకుని, "బాబూ, నువ్వు మాకేటవుతావు?" అని అడిగాడు. మీవాడినే అన్నాను. వాళ్ల ఊరు బండి కదిలేదాకా ఆయన ఆ చెయ్యి వదల్లేదు. అప్పటికి నేను సేవలో బాగా అలిసిపోయి ఉన్నాను. సంఘంలో తగాదాలు, పిల్లల ఫీజులు, ఊరికి తిరిగి వెళ్లిపోదామా అన్న ఆలోచన, అన్నీ కలిసి ఉన్నాయి. కొడుకుని పోగొట్టుకున్న మనిషి, నా పేరు కూడా అడగకుండా, నన్ను నమ్మి నా చెయ్యి పట్టుకున్నాడు. నులకమంచం అంచున మా అయ్యగారు కూర్చున్నది మళ్లీ గుర్తొచ్చింది. ఊరికి వెళ్లే ఆలోచన మానుకున్నాను.

నా భార్య సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎక్కువ రాస్తే ఆమె ఒప్పుకోదు. స్కూల్లో టీచరుగా ఆమె తెచ్చిన జీతంతోనే మా పిల్లలు చదువుకున్నారు. పాస్టర్ల సన్మానాల్లో శాలువా పాస్టర్‌కి కప్పి, పక్కన నిలబడిన అమ్మగారి చేతిలో ఒక పండు పెట్టడం నాకు నచ్చదు. మా సంఘంలో ముందు ఆమెకే కప్పమని చెప్పాను, ఇప్పుడు అలాగే చేస్తున్నారు.

పౌలు రాసిన రోమా పత్రిక చివరి అధ్యాయం ఒకసారి తీరిగ్గా చదవండి. పేర్ల జాబితా కదా అని చాలామంది దాటేస్తారు. నాకు ఆ పత్రికలో ఎక్కువ ఇష్టమైనది అదే. కెంక్రేయ సంఘపు ఫీబే, పౌలు ప్రాణం కోసం మెడలు ఒగ్గిన ప్రిస్కిల్ల అకుల, ఇంట్లో ఆతిథ్యమిచ్చిన గాయియు, పత్రికను చేత్తో రాసిపెట్టిన తెర్తియు, అందరూ ఉంటారు. రూఫు తల్లి గురించి ఆమె నాకూ తల్లే అని రాశాడు పౌలు. ఆమె పేరు మనకు తెలియదు, ఏం చేసిందో కూడా రాయలేదు. కంచం దగ్గర తేడా చూపించని తల్లి అయి ఉంటుందని నేననుకుంటాను. మా అమ్మగారు ఇంకా ఒంగోలులోనే ఉన్నారు, చూపు తగ్గింది. పినాకిని రైలు ఎక్కి వెళ్లినప్పుడల్లా నా గొంతు విని "తిన్నావా" అని అడుగుతారు.

తమ్ముడూ, ఇక నీ సంగతి. పిలుపు ఉందో లేదో మైకు ముందు నిలబడితే తెలియదు. ముందు జబ్బుతో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లు, మీ సంఘంలో ఎవరూ పలకరించని ఇళ్లకు వెళ్లు. కొన్ని నెలలు అలా తిరిగాక కూడా వెళ్లాలనే ఉంటే అప్పుడు సెమినరీ మాట ఆలోచించు. డిగ్రీ మాత్రం పూర్తిచెయ్యి, మానొద్దు. మీ నాన్నగారిని నీ పిలుపుకి అడ్డంగా చూడకు. నువ్వు ఆకలితో ఉంటావేమోనన్నది ఆయన భయం. పిడికెడు బియ్యం అన్నం తిన్నవాణ్ణి కనుక ఆ భయం ఉత్తదని నేను అనను. వీలైతే ఆయన్ని వెంటబెట్టుకుని ఒక ఆదివారం చెన్నై రా. మా ఆరాధన సాయంత్రం కాబట్టి పొద్దున రైలు దిగినా సరిపోతుంది. ఆయనతో నేను మాట్లాడతాను, జీతం ఎంత, ఇల్లు ఎలా గడిచింది, ఏమేం కష్టాలు, దాచకుండా అన్నీ చెబుతాను. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.