శివారు నీటికి అర్జీ ఎలా?

ప్రశ్న: మాది వంశధార ఎడమ కాలువ శివారు ఆయకట్టు. పిల్లకాలువ పూడిపోయి పొలాలకు నీరందడం లేదు. సభల్లో ఎమ్మెల్యే గారికి అర్జీలు ఇచ్చినా కదలిక లేదు. ఏం చేయాలి?
– ఒక రైతు, టెక్కలి ప్రాంతం

జవాబు: సభల్లో దండలతో పాటు అందే అర్జీ చాలాసార్లు అనుచరుల చేతుల్లోనే ఉండిపోతుంది. మీ బాధ న్యాయమైనది కనుక దానిని కాగితంపై స్పష్టంగా నిలపండి: ఏ తూము నుంచి ఎంత దూరం పూడింది, ఎన్ని ఎకరాలు ఎండుతున్నాయి, ఏ ఇంజినీరు పరిధిలోకి వస్తుంది అన్నవి ఒకే పేజీలో రాసి, ఫొటోలు జతచేసి, ఆయకట్టు రైతులందరి సంతకాలతో, వీలైతే నీటి సంఘం అధ్యక్షుని సంతకంతో సహా, నలుగురైదుగురు కలిసి ఎమ్మెల్యే కార్యాలయంలో ఇచ్చి, నకలుపై తేదీతో అందినట్లు రాయించుకోండి. అదే అర్జీని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇచ్చి రసీదు తీసుకోండి. కాలువ ఎండి ఉండే వేసవిలోనే పూడిక తీయగలరు కాబట్టి అంతకు ముందే కదలడం ముఖ్యం. గతంలో ఈ పనికి ఎంత మంజూరైందో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద జలవనరుల శాఖను అడగండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు చేతిలో ఉంటే, శాసనసభలో ప్రశ్న వేయమని ఎమ్మెల్యే గారిని నేరుగా కోరవచ్చు.