సమాధానం: సంతకం పెట్టని బిల్లు ఒకచోట చట్టమైంది, ఇంకోచోట వీగిపోయింది, ఎందుకు?

అమెరికా అధ్యక్షుడు సంతకం పెట్టని బిల్లు చట్టమైందని ఒకచోట, వీగిపోయిందని ఇంకోచోట చదివానని అడిగారు కదా, మీరు చదివిన రెండూ కరెక్టే. తేడా అంతా బిల్లు అధ్యక్షుడికి అందాక పదో రోజున కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సమావేశాల్లో ఉందా లేదా అన్నదానిలోనే ఉంది.

1. ముందు రోజులు సరిగ్గా లెక్కపెట్టండి. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. బిల్లు సభల్లో పాసైన రోజు నుంచి కాదు, అధ్యక్షుడికి అందాక మర్నాటి నుంచి లెక్క. ఆదివారాలు తీసేయాలి, శనివారాలు మాత్రం కలపాలి. సోమవారం అందితే మంగళవారం ఒకటో రోజు. గడువు వచ్చే వారం శుక్రవారం అర్ధరాత్రితో ముగుస్తుంది.

2. అప్పటికి కాంగ్రెస్ నడుస్తుంటే సంతకం లేకుండానే చట్టం.

3. కాంగ్రెస్ వాయిదా పడి, అధ్యక్షుడు బిల్లు తిప్పి పంపే వీలు లేకపోతే ఆ బిల్లు వీగిపోతుంది, దీన్నే పాకెట్ వీటో అంటారు. మామూలు వీటోను, అంటే అధ్యక్షుడు బిల్లును తిరస్కరించి తిప్పి పంపడాన్ని, రెండు సభల్లో మూడింట రెండు వంతుల ఓట్లతో తోసిపుచ్చవచ్చు. పాకెట్ వీటోకు ఆ దారి లేదు, కొత్త బిల్లు పెట్టుకోవాల్సిందే.

4. ప్రతి విరామమూ వాయిదా కింద రాదు. సెనేట్ (కాంగ్రెస్‌లోని ఎగువ సభ) ఒక్కటే మూడు రోజులు ఆగితే, తిప్పి పంపిన బిల్లు తీసుకోవడానికి దాని కార్యదర్శి ఉంటే, పాకెట్ వీటో చెల్లదని సుప్రీంకోర్టు 1938లో రైట్ కేసులో తేల్చింది.