నౌక్రీ జాబ్ సైట్‌లో ఎన్ని అప్లై చేసినా కాల్స్ రాకపోతే

చిక్కు మీ డిగ్రీలో కాదు, చాలావరకు రెజ్యూమే ఫైల్లోనే ఉంది. కావలిలో బీటెక్ అయ్యి, జావా నేర్చుకుని, రోజూ అప్లై చేస్తున్నా ఒక్క కాల్ రాలేదన్నారు. రెజ్యూమే కాన్వా అనే డిజైన్ యాప్‌లో రెండు కాలమ్స్‌గా చేశానని కూడా మీరే రాశారు.

1. ఆ పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అందరూ వదిలేసేది ఇదే. కాలేజీ పేరు మధ్యలో ఫోన్ నంబరు, ప్రాజెక్టు పక్కన ఇంటి అడ్రసు వచ్చిపడ్డాయా? రెజ్యూమేలు చదివే కంపెనీల సాఫ్ట్‌వేర్‌కి కూడా అలాగే కలగాపులగంగా అందే అవకాశం ఎక్కువ. అసలేమీ పేస్ట్ కాకపోతే అది ఉత్త బొమ్మే.

2. వర్డ్‌లో ఒకే కాలమ్‌గా మళ్లీ రాయండి. ఫొటో, చుక్కల రేటింగులు తీసేయండి (జావాకి నాలుగు చుక్కలంటే ఎవరికి ఏం తెలుస్తుంది?). మళ్లీ పేస్ట్ చేసి చూడండి.

3. "బ్యాకెండ్ నాలెడ్జ్" అని కాకుండా స్ప్రింగ్ బూట్, మైఎస్‌క్యూఎల్ అని ఉద్యోగ ప్రకటనలో ఉన్న పేర్లే రాయండి. అవి మీకు వస్తేనే సుమా.

4. నౌక్రీ ప్రొఫైల్‌లో ప్రిఫర్డ్ లొకేషన్ (పని చేయాలనుకునే ఊరు) దగ్గర నెల్లూరు ఒక్కటే ఉంటే చెన్నై, హైదరాబాద్, బెంగళూరు కలపండి. చెన్నైకి మీకు నేరుగా రైళ్లున్నాయి.

డిపాజిట్ కడితే ఆఫర్ లెటర్ ఇస్తామని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి.