ఉమ్మడి కూరతోట: ముందు బోరు నీళ్లు చూడండి

ఒంగోలులో 40 ఫ్లాట్ల అపార్టుమెంటు, వెనక ఖాళీ జాగాలో అందరం కలిసి కూరగాయలు వేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. మట్టీ విత్తనాలూ తర్వాత. ముందు మీ బోరు నీళ్ల టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) కొలిపించండి. ఆర్వో సర్వీసుకు వచ్చే కుర్రాడి దగ్గర మీటరుంటుంది, నిమిషం పని.

500 లోపుంటే ఏదైనా వేసుకోవచ్చు. 1500 దాకా పోతే గోరుచిక్కుడు, పాలకూర, బీట్‌రూట్ తట్టుకుంటాయి. బీన్స్, ఉల్లి, క్యారట్ జోలికి పోవద్దు. 2000 దాటితే వాన నీళ్లకో మున్సిపల్ నీళ్లకో దారి చూసుకున్నాకే మడి కట్టండి. ఆర్వో వేస్టు నీళ్లు వృథాగా పోతున్నాయి కదా అని మొక్కలకు మళ్లించేవాళ్లున్నారు. వద్దు, వడగట్టిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

ఉప్పు దెబ్బ ఆకు అంచున కనబడుతుంది: అంచు మాడుతుంది, మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. నీళ్లు చాలలేదనుకుని రోజూ పైపైన చల్లితే ఇంకా పేరుకుంటుంది. పది పదిహేను రోజులకోసారి అడుగు నుంచి నీళ్లు కారేదాకా నిండుగా పెట్టాలి. అందుకే మడి అడుగున సిమెంటు వేయకూడదు.

జాగా ఎవరిదో కూడా చూసుకోండి. అపార్టుమెంటు ఉమ్మడి స్థలమైతే అసోసియేషన్ మీటింగులో తీర్మానం రాయించుకుంటే చాలు. లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలమైతే అది మున్సిపాలిటీకి రాసిచ్చి ఉంటుంది, వాళ్ల అనుమతి కావాలి.

బిల్డింగు వెనక నేలంటే నల్లరేగడి మీద పోసిన కాంక్రీటు తుక్కే. తవ్వకండి, ఎత్తు మడులు కట్టండి. 4 అడుగుల వెడల్పు (రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలి), 10 అడుగుల పొడవు, అడుగు ఎత్తు. ఒక్కోదానికి 40 ఘనపుటడుగుల మట్టి: ఎర్రమట్టి రెండు పాళ్లు, మగ్గిన పశువుల ఎరువు ఒకటి, వాగు ఇసుక ఒకటి, పైన రెండు కిలోల వేపపిండి. ఎరువు చేతిలో పొడిపొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు. పచ్చిదైతే వేరుపురుగు దాంతోనే వస్తుంది. మొదటి ఏడాది నాలుగు మడులు చాలు, ఉత్సాహంలో ఇరవై కట్టొద్దు.

ఆగస్టులో మట్టి నింపితే సెప్టెంబరుకు రెండు మూడంగుళాలు దిగుతుంది. అప్పుడు తోటకూర, గోంగూర చల్లండి. టమాటా, వంగ నారు మాత్రం నవంబరు తుపాను వానలు తగ్గాక నాటాలి, ముందే నాటితే నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. ఏప్రిల్ నుంచి 50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండను ఆపే వల) లేకుండా పాలకూరలాంటి ఆకుకూర నిలవదు.

డ్రిప్పయితే మడికి రెండు వరసల 16 ఎంఎం ఇన్‌లైన్ పైపు (డ్రిప్పర్లు లోపలే ఉండేది), అడుగుకొకటి చొప్పున గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పరు. మామూలు రోజుల్లో పావుగంట, ఎండాకాలంలో అరగంట. ఫిల్టరు పెట్టకపోతే ఇసుక, మట్టి చేరి కన్నాలు మూసుకుంటాయి.

మడికి రెండిళ్లు చొప్పున పేర్లు రాసి నోటీసుబోర్డులో పెట్టండి. అందరి మడి అంటే ఎవరూ పైపు పట్టుకోరు. సంక్రాంతికి మాత్రం ఆ రెండిళ్లవాళ్లూ ఊళ్లకు పోతారు, టమాటా పూత మీదుండేదీ అప్పుడే. అప్పుడు నీళ్లు తప్పితే పూత రాలుతుంది. వాచ్‌మన్‌తో ఆ నాలుగు రోజుల కూలీ ముందే మాట్లాడుకోండి.